వేకువకు నీడ ఉండదు

మాటల వెనక మనుషులు: 14వ భాగం



పోయిన భాగంలో 'ఎంగిలి' గురించి రాసి, తర్వాత 'వెలి' గురించి రాస్తానన్నాను. అది ఇంకో వారం ఆగాలి. క్లాసులో ఒక పిల్ల అడిగిన ప్రశ్న నన్ను వేరే దారిలోకి లాగింది.

డిగ్రీ రెండో ఏడాది తెలుగు క్లాసు. పర్యాయపదాలు చెబుతున్నాను. వేకువ, ఉషస్సు, ప్రభాతం, ఉదయం అని బోర్డు మీద వరసగా రాశాను. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, "వేకువ, ఉదయం రెండూ ఒకటెట్లయితయి సార్? మా అమ్మ వేకువన డ్యూటీకి పోతది, ఉదయం ఇంటికొస్తది" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేసి పాఠం ముందుకు నడిపించాను.

ఇంటికి పోయే బస్సులో ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే మా అమ్మ కూడా పద్నాలుగేళ్లు అదే డ్యూటీ చేసింది. పాలమూరు నుంచి కూలికి వచ్చిన కుటుంబం మాది. మా నాయన మాదాపూర్ చుట్టుపక్కల కట్టడాల దగ్గర మట్టి మోశాడు. కట్టడాలు లేచాక అమ్మ వాటి ముందు రోడ్లు ఊడ్చింది. ఒకరు కట్టారు, ఒకరు ఊడ్చారు. ఇద్దరిలో ఎవరూ ఆ అద్దాల తలుపుల లోపలికి పోలేదు.

ఆ రాత్రి అన్నం తింటూ అమ్మను అడిగాను. "అమ్మా, మబ్బులకీ పొద్దుగాలకీ తేడా ఏందే?" తెలంగాణ బయటి మిత్రుల కోసం చెబుతున్నా, మా దగ్గర 'మబ్బుల' అంటే వానమబ్బు కాదు, తెల్లవారక ముందరి చీకటి. 'పొద్దుగాల' అంటే ఉదయం.

అమ్మ ఆలోచించలేదు కూడా. "మబ్బుల ఊడిస్తే ఎవ్వలు జూడరు. పొద్దుగాల ఊడిస్తే అందరు జూస్తరు. గంతే తేడా" అంది.

తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ తెచ్చుకున్న నాకు ఏ నిఘంటువూ చెప్పని అర్థం ఇది. ఈ భాగం ఆ ఒక్క మాటకు నేను రాసుకున్న వ్యాఖ్యానం.

*

ముందు మాటల సంగతి చూద్దాం.

'వేకువ' మన మాట. 'వేగు' అనే క్రియ నుంచి వచ్చింది. వేగడం అంటే రాత్రి గడిచిపోవడం. వేగుచుక్క కూడా అందులోంచి వచ్చిందే. తమిళంలో తెల్లవారుజామును 'వైగఱై' అంటారు, అదీ ఈ కుటుంబపు మాటే. 'ఉదయం' సంస్కృతం. పైకి రావడం అని దాని అర్థం. అంటే వేకువ అన్నప్పుడు మనం రాత్రి పోతున్న సంగతి చెబుతున్నాం. ఉదయం అన్నప్పుడు సూర్యుడు వస్తున్న సంగతి చెబుతున్నాం. ఒకటి పోయేవాళ్ల పేరు మీద ఉంది, ఇంకొకటి వచ్చేవాళ్ల పేరు మీద ఉంది. రెండింటి మధ్య కొంత జాగా ఉంది. ఆ జాగాలో ఎవరున్నారన్నదే మన ప్రశ్న.

ఆ జాగాను మా అమ్మలాంటి వాళ్లు ఎంత సన్నగా కొలిచారో చూడండి. మొదట మబ్బుల. తర్వాత నసుకుల, అంటే మనిషి కనపడతాడు గానీ ఎవరో ఆనవాలు దొరకని వేళ. తర్వాత ఏగిలిబారంగ, అంటే తూర్పు తెల్లబడుతుండగా. ఆ తర్వాత పొద్దుపొడుపు. ఆపైన బారెడు పొద్దు. చివరికి అంబటాళ్ల, అంటే పొద్దున్నుంచి పనిచేసిన మనిషి అంబలి తాగే వేళ. గడియారం లేని మనుషులు పనినీ ఆకలినీ కలిపి చేసుకున్న గడియారం ఇది. ఇందులో సగానికి సగం పేర్లు పొద్దు పొడవక ముందువే. ఆలస్యంగా లేచే ఇంట్లో ఇన్ని మాటలు పుట్టవు.

శాస్త్రాలు చదివిన వాళ్లూ ఈ వేళను కొలిచారు. రాత్రికి నాలుగు జాములు, ఒక్కో జాము మూడు గంటలు, చివరిది తెల్లవారుజాము. ముహూర్తం అంటే 48 నిమిషాలు. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాల ముందు ముగిసేది బ్రాహ్మీ ముహూర్తం. ధ్యానానికీ వేదాధ్యయనానికీ అది మంచి వేళ అన్నారు. పేరులోనే ఎవరి వేళో ఉంది. అదే 48 నిమిషాల్లో వాకిలి ఊడ్చేవాళ్లూ, దొడ్లు ఎత్తేవాళ్లూ ఉన్నారు. వాళ్ల పేరుతో ముహూర్తం లేదు.

మన నగరపు ఉర్దూ కూడా ఈ తేడాను బాగా పట్టుకుంది. రంజాన్ ఉపవాసం సూర్యోదయంతో మొదలవదు, తెల్లవారడంతో మొదలవుతుంది. అందులోనూ సుబహ్ కాజిబ్, సుబహ్ సాదిఖ్ అని రెండు. తూర్పున నిలువుగా లేచి మళ్లీ మాసిపోయే వెలుగు అబద్ధపు వేకువ. దిక్కంతా అడ్డంగా పరుచుకునేది నిజమైన వేకువ. అబద్ధపు వేకువ అన్న మాటను గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఖగోళ శాస్త్రం లెక్క కూడా ఇదే. సూర్యుడు క్షితిజానికి 18 డిగ్రీల కిందికి చేరినప్పుడు మొదటి వెలుగు మొదలవుతుంది. 6 డిగ్రీల కిందికి వచ్చేసరికి దీపం లేకుండా పని చేసుకోవచ్చు. హైదరాబాద్‌లో మొదటి వెలుగు నుంచి సూర్యోదయం దాకా గంటా పావుకు కొంచెం అటూ ఇటూ పడుతుంది. ఆ గంటా పావు వేకువ.

ఈ గంటా పావులో ఒక విచిత్రం ఉంది. వెలుతురు ఉంటుంది, సూర్యుడు ఉండడు. వెలుతురు ఆకాశమంతా పరుచుకుని అన్ని వైపుల నుంచీ నేల మీదికి దిగుతుంది. కాబట్టి మనిషికి నీడ పడదు.

సూర్యుడు తల ఎత్తగానే నీడ పుడుతుంది. మొదట అది చాలా పొడుగు. సూర్యుడు 10 డిగ్రీల ఎత్తుకు వచ్చేసరికి ఐదున్నర అడుగుల మనిషి నీడ 31 అడుగులు ఉంటుంది. 45 డిగ్రీలకు చేరినప్పుడు గానీ నీడ మనిషంత కాదు.

వేకువకీ ఉదయానికీ తేడా ఈ నీడే. ఇది కవిత్వం కోసం అంటున్న మాట కాదు. ఈ దేశంలో నీడ మీద నియమాలు ఉండేవి.

*

పీష్వాల కాలపు పూణే సంగతి జి.ఎస్. ఘుర్యే 1932లో అచ్చయిన తన కుల గ్రంథంలో రాశాడు. మహర్లు, మాంగులు మధ్యాహ్నం మూడు తర్వాత, పొద్దున తొమ్మిదికి ముందు నగర ద్వారాల లోపల ఉండకూడదు. కారణం ఏమిటంటే ఆ వేళల్లో మనిషి నీడ పొడుగ్గా ఉంటుంది. ఆ పొడుగు నీడ పై కులపు వాళ్ల మీద పడితే మైల. అదే పీష్వాల రాజ్యం గురించి బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో రాశాడు. అంటరానివాడు నడుముకు చీపురు కట్టుకుని తన అడుగుల జాడ తానే చెరుపుకుంటూ నడవాలి, ఉమ్ము నేల మీద పడకుండా మెడలో ముంత వేలాడదీసుకోవాలి.

తొమ్మిది గంటలు అన్న అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఉదయం అనేది మొదలై, నీడలు పొట్టివయ్యేదాకా మనవాళ్లకు నిషేధం. అంటే ఉదయం మొత్తం నిషేధం. పగటి ఎండ ఇచ్చారు, ఉదయం ఇవ్వలేదు.

ఇంకా దక్షిణానికి పోదాం. తిరునల్వేలి జిల్లాలో 'పురద వణ్ణాన్' అనే కులం వాళ్లుండేవాళ్లు. అంటరాని కులాల బట్టలు ఉతికే చాకలివాళ్లు. వాళ్లను అంటుకోవడం కాదు, చూడటమే మైల. 1932 డిసెంబరులో హిందూ పత్రికలో వాళ్ల గురించి వార్త వచ్చింది. 1931 జనగణన కమిషనర్‌గా పనిచేసిన జె.హెచ్. హట్టన్ దాన్ని తన పుస్తకంలోకి ఎక్కించాడు. వాళ్లు పగలు బయటికి రాకూడదు. అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకానే పని. మాట్లాడదామని వెళ్లినవాళ్ల ముందుకు, ఇంట్లోంచి బయటికి రప్పించడమే కష్టమైందట. వాళ్లకు వేకువ అంటే రోజు మొదలు కాదు, చివర. తూర్పు తెల్లబడితే దాక్కోవాలి.

ఇది 1932. అదే ఏడాది సెప్టెంబరులో పూనా ఒడంబడిక జరిగింది. దేశం స్వరాజ్యపు ఉషోదయం గురించి మాట్లాడుకుంటున్న రోజులవి.

*

అదే తిరునల్వేలి జిల్లాలో తిరుక్కురుంగుడి అనే ఊరుంది. తెలుగు సాహిత్యం చదివిన వాళ్లకు ఆ ఊరు తెలుసు. 1509 నుంచి 1529 దాకా ఏలిన కృష్ణదేవరాయలు తన 'ఆముక్తమాల్యద' ఆరో ఆశ్వాసంలో మాలదాసరి కథ చెప్పింది ఆ గుడి గురించే.

కథ మీకు తెలిసిందే. మాలదాసరి అంటరానివాడు, విష్ణుభక్తుడు. రోజూ వేకువన గుడికి వచ్చి, బయట దూరంగా నిలబడి మంగళకైశికి రాగంలో పాడతాడు. ఒకరోజు అర్ధరాత్రినే వేకువ అనుకుని బయలుదేరతాడు. దారి తప్పి మర్రిచెట్టు దగ్గర బ్రహ్మరాక్షసుడి చేతికి చిక్కుతాడు. పాడి తిరిగి వస్తానని మాట ఇచ్చి వెళ్లి, పాడి, మాట తప్పకుండా తిరిగి వస్తాడు. రాక్షసుడు పూర్వజన్మలో సోమశర్మ అనే బ్రాహ్మణుడు. చివరికి మాలదాసరి పాట ఫలం అడిగి పుచ్చుకుని శాపం నుంచి బయటపడతాడు.

ఎమ్మే చదివేటప్పుడు మాకు ఈ కథను సత్యవ్రతానికి, భక్తికి ఉదాహరణగా చెప్పారు. పరీక్షలో నేనూ అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను. అమ్మ మాట విన్న తర్వాత మళ్లీ చదివితే నాకు వేరే ప్రశ్న వచ్చింది. ఈ మనిషి అంత పొరపాటు ఎందుకు పడ్డాడు?

వేకువ తప్పిపోతే నష్టపోయేవాడే అర్ధరాత్రిని వేకువ అనుకుంటాడు. పొద్దెక్కి లేచినా నడిచేవాడు ఆ పొరపాటు చెయ్యడు. మా అమ్మ పద్నాలుగేళ్లలో ఎన్నిసార్లు రెండున్నరకే లేచి కూర్చుందో నాకు తెలుసు. వీధి దీపం వెలుగు కిటికీలోంచి పడితే తెల్లారిందేమోనని ఉలిక్కిపడేది. హాజరు వేళ దాటితే ఆ రోజు కూలి పోయినట్టే. ఉర్దూలో చెప్పుకున్న అబద్ధపు వేకువ ఇదే. దాన్ని చూసి మోసపోయేది ఎప్పుడూ ముందుగా లేవాల్సిన మనిషే.

రాయలవారు ఆ పాటకు బ్రాహ్మణ రాక్షసుణ్ణి తరింపజేసే శక్తి ఇచ్చాడు. అది చిన్న సంగతి కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ పాడినవాడు నిలబడే చోటు మారలేదు. వేకువ మాలదాసరిది. తలుపులు తెరిచాక వచ్చే ఉదయం గుడిలో వాళ్లది.

మన కావ్యాల పద్ధతే అంత. మహాకావ్యానికి ఉండాల్సిన పద్దెనిమిది వర్ణనల్లో సూర్యోదయం ఒకటి. నగరం, సముద్రం, పర్వతం, చంద్రోదయం, సూర్యోదయం అన్నీ ఉన్నాయి. ఆ సూర్యోదయానికి ముందు నగరం వీధులు ఎవరు ఊడ్చారో వర్ణించమని ఏ లాక్షణికుడూ చెప్పలేదు.

ఆధునికులు మారారా అంటే, సగం మారారు. అభ్యుదయ, విప్లవ కవులకు ఉషస్సు చాలా ఇష్టమైన మాట. అరుణోదయం అన్నారు, తూర్పు ఎరుపు అన్నారు. ఆ పాటలు పాడుతూ నేనూ పెరిగాను, వాటి మీద నాకు గౌరవం ఉంది. అయితే ఒక సంగతి గమనించాను. ఆ కవిత్వంలో వేకువ రేపు వచ్చేది. అది ఒక ఆశ. మా అమ్మకు వేకువ రోజూ వచ్చేది. అది ఒక డ్యూటీ. రోజూ నాలుగింటికి చీపురు పట్టే మనిషికి "రేపు వేకువ వస్తుంది" అని చెబితే ఆమెకు కొత్తగా ఏం చెప్పినట్టు?

ఈ చిక్కును ముందే పసిగట్టినవాడు జాషువా అని నా నమ్మకం. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపాడు. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో ఆ అంటరాని మనిషి కబురు పంపింది గబ్బిలంతో, కాశీలో ఉన్న శివుడికి. గబ్బిలం గుడి లోపల వేలాడగలదు, దాన్ని ఎవరూ ఆపరు. గుడిలోకి రానివ్వని మనిషికి అది తగిన దూత అని అందరూ చెప్పే వ్యాఖ్యానం. అది సరైనదే. దానికి ఇంకొకటి కలపాలి. గబ్బిలానికి ఉదయం లేదు. నీడ పడని వేళలోనే అది తిరుగుతుంది. జాషువా తన మనిషికి రేపటి సూర్యుణ్ణి చూపించలేదు. ఆ మనిషి ఏ వేళలో బతుకుతున్నాడో ఆ వేళకు చెందిన ప్రాణినే తోడు ఇచ్చాడు.

*

ఇక మన ఊళ్ల సంగతి. పూణే తొమ్మిది గంటల నియమం హైదరాబాద్ రాజ్యంలో రాసి ఉందని నేను అనడం లేదు. ఇక్కడ వెట్టి ఉండేది. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో, ఇంటికొకరు చొప్పున మాల మాదిగ కుటుంబాల నుంచి వెట్టికి పోవాల్సిన పద్ధతి గురించి వివరంగా ఉంది. దొర గడిలో చాకిరీ, అధికారుల మూటలు మొయ్యడం, కబుర్లు చేరవెయ్యడం, చెప్పులూ మోటకు తోలు సామానూ కుట్టి ఇవ్వడం అందులో భాగాలు. మా తాత వెట్టి చేసినవాడే. ఆయన రోజు ఎప్పుడు మొదలయ్యేదని మా నాయనను అడిగితే, "దొర లేవకముందు" అన్నాడు. గడియారం లేదు, సూర్యుడు కూడా లెక్క కాదు. దొర కళ్లు తెరవడమే ఉదయం. అంతకుముందు జరిగే పనంతా వేకువ.

ఈ కొలత మాదాపూర్ దాకా వచ్చింది.

1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించాడు. నాకప్పుడు పదేళ్లు. ఆ చుట్టుపక్కల రేకుల షెడ్డులో ఉండేవాళ్లం. రాళ్లగుట్టల మధ్య అంత గుండ్రటి బిల్డింగు చూసి మా నాయన, "ఇగ మన బతుకులు తెల్లారినట్టే" అన్నాడు. ఆయన మంచి అర్థంలోనే అన్నాడు.

తెలుగులో ఆ మాటకు రెండు అర్థాలున్నాయని మీకు తెలుసు. తెల్లారడం అంటే వెలుగు రావడం. "వాడి బతుకు తెల్లారిపోయింది" అంటే చావు. ఇన్ని భాషల్లో ఆశకు గుర్తుగా ఉన్న మాట మన దగ్గర చావుకూ గుర్తయింది. ఎందుకో నిఘంటువు చెప్పదు. తెల్లవారుజామున రోడ్డు ఊడుస్తున్న ఆడమనిషిని కారు గుద్దేసిందన్న వార్త ఈ నగరంలో మీరు ఎన్నిసార్లు చదివారో గుర్తు చేసుకోండి. శీర్షిక ఏముంటుందో కూడా మీకు తెలుసు.

2007 ఏప్రిల్‌లో చుట్టూ ఉన్న పన్నెండు మున్సిపాలిటీలు కలిసి జీహెచ్ఎంసీ అయింది. శేరిలింగంపల్లి అందులో ఒకటి. నగరం పెద్దదయింది, ఊడ్చే రోడ్డు కూడా పొడుగయింది. అమ్మ ఒక కాంట్రాక్టరు కింద చేరింది. వేళ ఏడాది పొడుగునా ఒకటే, పొద్దున ఐదింటికి హాజరు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. హైదరాబాద్‌లో జూన్ మొదట్లో సూర్యోదయం దాదాపు 5:41కి. జనవరి మధ్యలో 6:49కి. గంటకు పైగా తేడా. జూన్‌లో ఐదింటికి తూర్పు అప్పటికే తెల్లబడుతుంటుంది. జనవరిలో ఐదింటికి మొదటి వెలుగు కూడా రాదు, అది ఐదున్నర తర్వాతే. గడియారం దృష్టిలో రెండూ ఒకే ఐదు గంటలు. హాజరు పుస్తకంలో రెండూ 'ఉదయం 5:00'. మా అమ్మ ఒంటికి ఒకటి వేకువ, ఇంకొకటి నడిరాత్రి.

చట్టానికి ఈ తేడా తెలియదా? తెలుసు. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఆడవాళ్లను ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప అరెస్టు చెయ్యకూడదని నేరవిచారణ చట్టం చెబుతుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం ఆడవాళ్ల పనివేళను ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా అని గీత గీసింది. అంటే చట్టం కళ్లలో వేకువ ఇంకా రాత్రే. ఆ వేళ బయట తిరిగే ఆడమనిషికి రక్షణ కావాలని రాసుకున్నారు. ఐటీ కంపెనీలకు రాత్రి షిఫ్టుకు అనుమతి ఇచ్చినప్పుడు కూడా ఆడ ఉద్యోగులను ఇంటి నుంచి తీసుకొచ్చి ఇంటి దగ్గర దింపాలన్న షరతు పెట్టారు. మంచి షరతు. అందరికీ ఉండాలి.

అమ్మకు ఎప్పుడూ రాత్రి భత్యం రాలేదు. బండి రాలేదు. ఇప్పుడు రాయదుర్గం దాకా మెట్రో ఉంది, 2019 నవంబరు నుంచి. మొదటి రైలు మామూలుగా ఆరింటికి. ఐదింటి హాజరుకు ఆరింటి రైలు ఎందుకు? నలుగురు ఆడవాళ్లు కలిసి షేర్ ఆటో మాట్లాడుకునేవాళ్లు. ఆటో రాని రోజు నడిచేవాళ్లు.

తెల్లవారుజామున నాలుగున్నరకు ఆ రోడ్డు మీద రెండు గుంపులు ఎదురవుతాయి. అమెరికా పగలుతో పాటు పనిచేసి కంపెనీ కారులో ఇంటికి పోయేవాళ్లు ఒకరు, చీపుర్లు పట్టుకుని వచ్చేవాళ్లు ఇంకొకరు. ఇద్దరికీ నిద్ర లేదు. ఇద్దరూ కూలికే పనిచేస్తున్నారు. ఒకరి చీకటికి మాత్రం లెక్క ఉంది, డాలర్లలో. ఇంకొకరి చీకటి లెక్కలోకి రాదు, ఎందుకంటే దాని పేరు 'ఉదయం'.

ఇంకో నియమం ఉండేది. ఎక్కడా రాసి ఉండదు. ఆఫీసు బస్సులు వచ్చే వేళకు గేట్ల ముందు చీపుర్లు కనబడకూడదు. సూపర్‌వైజర్ ఎనిమిదింటికి వచ్చి, "సార్లు వచ్చే టైమయింది, పక్కకు పోండి" అనేవాడు. అమ్మ వాళ్లు గోడ వెనక కూర్చుని సద్ది తినేవాళ్లు. పూణేలో తొమ్మిదికి ముందు లోపలికి రావద్దన్నారు. ఇక్కడ తొమ్మిదయ్యేలోపు వెళ్లిపొమ్మన్నారు. గంట అటూ ఇటూ తిరిగింది. మనిషి ఉదయంలో కనబడకూడదన్నది తిరగలేదు.

*

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. "ట్రాఫిక్ లేని వేళ ఊడిస్తేనే కదా పని అవుతుంది. లోకంలో ఏ నగరమైనా అంతే. ఇందులో కులం ఎక్కడుంది?"

నిజమే. ఆ వేళ ఎంచుకోవడానికి ట్రాఫిక్ కారణం. కానీ ఆ వేళలో ఎవరు నిలబడ్డారన్నదానికి ట్రాఫిక్ కారణం కాదు. అమ్మ గ్రూపులో పద్దెనిమిది మంది. అందరూ మా వాడలవాళ్లే. కోలార్ బంగారు గనుల్లో పాకీ పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ ప్రశ్నే దేశమంతా తిప్పాడు. పని యంత్రాలతో చెయ్యొచ్చని అందరికీ తెలిసినా, ఆ పని ఒకే కులాల చేతుల్లో ఎందుకు ఆగిపోయిందని అడిగాడు. 2016లో ఆయనకు మెగసెసే వచ్చింది. ప్రశ్న మాత్రం అక్కడే ఉంది.

ఇంకో జవాబు కూడా ఉంది. "మీ పిల్లలు ఇప్పుడు అదే బిల్డింగుల్లో కూర్చుంటున్నారు కదా?" అవును. నా విద్యార్థుల్లో కొందరు ఆ అద్దాల వెనక ఉన్నారు. గర్వంగా ఉంది. వాళ్లు ఉదయం తొమ్మిదింటికి ముందు తలుపులోంచి పోతున్నారు, బ్యాడ్జి చూపిస్తే తలుపు తెరుచుకుంటోంది. కానీ వాళ్లలో ఒకతను నాతో అన్నాడు, "సార్, ఇంటిపేరు అడిగితే ఊరిపేరు చెప్తా. ఊర్లో ఏ వైపు అంటే మాట మారుస్తా." ఉదయంలోకి అడుగు పెట్టాడు. నీడ మాత్రం దాచుకుంటున్నాడు. పొడుగు నీడ ఇంకా ఎవరి మీదనో పడుతుందన్న భయం పోలేదు.

అక్కడికి పావుగంట దూరంలో, గచ్చిబౌలిలో, 1974లో పుట్టిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉంది. 2016 జనవరిలో హాస్టల్ నుంచి వెలి అయిన అయిదుగురు పిల్లలు అక్కడ ఆరుబయట 'వెలివాడ' కట్టుకుని చలిలో పడుకున్నారు. వాళ్లలో ఒకడు రోహిత్ వేముల. జనవరి 17న మనల్ని వదిలిపోయాడు. తన చివరి ఉత్తరంలో అతను నీడలను, నక్షత్రాలను రెండింటినీ తలుచుకున్నాడు.  ఆ సంగతి రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆగిపోతుంది.

*

మరి ఏం చెయ్యాలి?

నేను పెద్ద మాటలు చెప్పదలుచుకోలేదు. సూర్యోదయానికి ముందు చేసే పనిని రాత్రి పనిగా లెక్కగట్టాలి. భత్యం ఇవ్వాలి. కంప్యూటర్ ముందు కూర్చున్న ఆడపిల్లకు కారు పంపిన నగరం చీపురు పట్టిన ఆడమనిషికి ఒక బస్సు పంపాలి. జనవరిలో హాజరు వేళ జరపాలి, సూర్యుడు జరుగుతున్నాడు కాబట్టి. తలుపు తెరిచి ఉండే మరుగుదొడ్డి ఒకటి కావాలి. అన్నిటికన్నా ముందు, ఎనిమిదింటికి గోడ వెనక్కి పొమ్మనడం ఆగాలి. మనిషి ఉదయాన ఎండలో కూర్చుని, అందరికీ కనబడేటట్టు సద్ది తినగలగాలి. ఆమె నీడ ఎంత పొడుగుంటే అంత పొడుగు పడనివ్వండి.

అమ్మ పని మానేసి మూడేళ్లయింది. ఇప్పటికీ మూడున్నరకు మెలకువ వస్తుంది. లేచి చీకట్లో కూర్చుంటుంది. "పండుకో అమ్మా, తెల్లారలేదింక" అంటే, "నాకు తెల్లారింది బిడ్డా" అంటుంది. ఏ అర్థంలో అంటుందో నేనెప్పుడూ అడగలేదు.

తర్వాతి వారం క్లాసులో బోర్డు మీద మళ్లీ ఆ నాలుగు మాటలు రాశాను. వేకువకీ ఉదయానికీ మధ్య గీత గీసి, ఇవి పర్యాయపదాలు కావని చెప్పాను. ఎందుకు కావో చెప్పమని ఆ అమ్మాయినే ముందుకు పిలిచాను. నవ్వుతారేమోనని ఒకసారి క్లాసు వైపు చూసింది. తర్వాత వాళ్లమ్మ ఎన్నింటికి లేస్తుందో, ఏ రోడ్డు ఊడుస్తుందో, ఎన్నింటికి వస్తుందో అన్నీ చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇంకో ఇద్దరు చెయ్యి ఎత్తారు, "మా అమ్మ కూడా సార్" అని.

మీ ఊళ్లో, మీ వాడలో పొద్దు పొడవక ముందరి వేళకు ఏమేం పేర్లు ఉన్నాయో రాసి పంపండి. మీ అమ్మను, నాయనమ్మను అడిగి రాయండి. ఆ మాటలు పోకముందే కూడబెట్టుకుందాం.

వచ్చే భాగంలో 'వెలి'. ఈసారి తప్పకుండా.

జై భీమ్.